అవ్వ చూసిన అంబారీ

హిందూపురంలో మా తరం పిల్లలకు దసరా సెలవులంటే మైసూరే. పోయినవాళ్ళు చూసొచ్చింది చెప్పేవాళ్ళు, పోలేనివాళ్ళు వచ్చే ఏడు పోదామనుకునేవాళ్ళు. మద్రాసు దూరం, హైదరాబాదు మరీ దూరం. మీటర్‌గేజి బండెక్కి బెంగుళూరులో దిగి, అక్కడ బండి మారితే చాలు, మైసూరు. భాషకు ఇబ్బంది లేదు. మా ఊరి సంతలో తెలుగూ కన్నడమూ ఒకే నోట్లోంచి వచ్చేవి. పటంలో రెండు రాష్ట్రాల మధ్య గీత ఉంది. పెళ్ళి సంబంధాలకు, పట్టుగూళ్ళ బేరాలకు, మొక్కుబడులకు ఆ గీత ఎప్పుడూ అడ్డం రాలేదు.

నేను చెప్పేది 1980 ప్రాంతపు మాట. ఒకరిద్దరు తప్ప ఇంట్లోవాళ్ళమంతా కలిసి మైసూరు రాజుగారి ప్యాలెస్ చూడబోయిన దసరా. ఇప్పుడైతే తెల్లవారుజామున కారెక్కి, ప్యాలెస్ చూసుకుని, రాత్రి భోజనానికి ఇల్లు చేరొచ్చు. మా అక్క మనవళ్ళు మొన్న అలాగే చూసొచ్చారు. కట్టడం అదే, రంగుటద్దాలూ అవే. అయితే మా రోజుల్లో రాజుగారి ఇల్లు చూడటమనే పని నెల ముందు మొదలయ్యేది, చూసొచ్చాక ఏడాదిదాకా సాగేది, చూడనివాళ్ళకు కూడా అందులో వాటా ఉండేది. ఆ తీరు ఇప్పుడు కనిపించడం లేదు. అది పోయినందుకు నాకు నిజంగా దిగులుగా ఉంటుంది.

మా ప్రయాణానికి మూలం మా అవ్వ, నాయనను కన్నతల్లి. కాపురానికి వచ్చిన కొత్తలో, నాల్వడి కృష్ణరాజ ఒడెయరు రాజ్యం చేస్తున్న కాలంలో, అత్తమామలతో కలిసి మైసూరు దసరా చూసింది. ఆ మహారాజు 1940లో పోయాడు. అవ్వ మాత్రం మళ్ళీ మైసూరు వైపు పోలేదు. బొమ్మల కొలువు ఆమెను కదలనివ్వలేదు. కోస్తాలో కొలువు సంక్రాంతికి పెడతారు. మాది మైసూరు పద్ధతి, దసరాకే పెట్టాలి. పాడ్యమినాడు మెట్లు కట్టింది మొదలు దశమినాడు రాజారాణి బొమ్మల్ని పడుకోబెట్టేదాకా అవ్వ గడప దాటేది కాదు. ఆ రాజారాణులు జానెడెత్తు ఎర్రచందనం బొమ్మలు, అవ్వతోపాటు పుట్టింటి నుంచి వచ్చినవి. ఏటా వాటికి కొత్త పట్టుముక్కతో బట్టలు కుట్టేది. రాజుకు తలపాగా చుట్టే పని మాత్రం ఎవరికీ ఇచ్చేది కాదు. వేలెడు వెడల్పు జరీగుడ్డను మూడు మడతలు వేసి, తడివేలితో నొక్కి, చుట్టూ తిప్పి, చివర్న ఒక ముత్యప్పూసను సూదితో గుచ్చేది. "అంబారీలో రాజు ఇట్లనే చుట్టుకోనుండె" అనేది. మైసూరు రాజు అంటే మా పిల్లలకు ఆ బొమ్మే.

ఆ ఏడు మా చిన్నమ్మకు చంటిపిల్ల. ప్రయాణం పెట్టుకునే వీల్లేదు. "కొలువు నేను చూసుకుంటా, నువ్వు పోయిరా అత్తా" అంది. అవ్వ ఒక పూటంతా ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం చిన్నమ్మను పక్కన కూర్చోబెట్టుకుని తలపాగా చుట్టడం నేర్పింది. ప్రయాణం ఖాయమని మాకు అప్పుడు తెలిసింది.

నాయన హైస్కూల్లో సోషలు చెప్పేవాడు. డబ్బు సంగతి అమ్మ చూసేది. పాల చీటీ దగ్గర్నుంచి పెళ్ళి చదివింపులదాకా ప్రతి పైసా ఒక నోటుబుక్కులో రాసేది. నెల ముందే ఆ పుస్తకంలో 'మైసూరు' అని ఒక పేజీ తెరుచుకుంది. చౌల్ట్రీకి కార్డు రాశారు. ట్రంకుపెట్టెలో బట్టలు, హోల్డాల్‌లో దుప్పట్లు, గోనెసంచిలో బియ్యం, కందిపప్పు, చింతపండు, ఊరగాయ జాడీ. హోటలు తిండి రెండు పూటలకు మించకూడదని ముందే తీర్మానం. దారికి చిత్రాన్నం, పెరుగన్నం అరిటాకుల్లో కట్టారు. నిప్పట్లు, కరజికాయలు, వేయించిన చెనక్కాయలు, బొరుగులు డబ్బాలకెక్కాయి. నీళ్ళకు ఇత్తడి మరచెంబు. దాని మూత తిప్పడం పిల్లలకు గౌరవమైన పని. వంతులు వేసుకుని తిప్పేవాళ్ళం.

రామనగరం దగ్గర బండరాళ్ళ గుట్టలు కనబడగానే మగపిల్లలు కిటికీలకు ఎగబడ్డారు. 'షోలే' తీసింది అక్కడే. గబ్బర్‌సింగ్ నడిచిన రాయి ఇదంటే ఇదని ఒక్కొక్కడూ ఒక్కోటి చూపించాడు. చన్నపట్నంలో లక్కరంగు కొయ్యబొమ్మలు కిటికీ దగ్గరికే వచ్చాయి. కొలువుకని అవ్వ గుర్రపుబండి ఒకటి బేరం చేసి కొనింది. మద్దూరులో వడలు. బియ్యప్పిండి, మైదా, బొంబాయి రవ్వ కలిపి ఉల్లిపాయ దండిగా వేసి పలచగా తట్టిన ఆ వడ కరకరలాడుతూ ఉంటుంది. ఇంటి తిండి డబ్బాలనిండా ఉన్నా అమ్మ పేజీలో దానికి ముందే పద్దు ఉంది. 2023లో తెరిచిన బెంగుళూరు-మైసూరు ఎక్స్‌ప్రెస్ రహదారి రామనగరాన్నీ చన్నపట్నాన్నీ మద్దూరునూ పక్కనుంచి దాటేసి పోతుంది. మా అక్క మనవళ్ళకు ఆ మూడు పేర్లూ బోర్డుల మీదే తెలుసు.

బండి శ్రీరంగపట్నం కావేరి వంతెన మీదికి రాగానే నాయన మమ్మల్నందర్నీ దగ్గరికి పిలిచాడు. "ఈ దసరా పుట్టింది ఈడ కాదురా" అని మొదలుపెట్టాడు. విజయనగరంలో రాయలు మహర్నవమి దిబ్బ మీద కూర్చుని ఏనుగులనూ గుర్రాలనూ సైన్యాన్నీ చూసేవాడు. 1565 తర్వాత హంపీ పాడుబడింది, రాజధాని మన పెనుగొండకు వచ్చింది, తర్వాత చంద్రగిరికి పోయింది. రాజ్యం చిక్కిపోతూ ఉంటే, శ్రీరంగపట్నంలో ఉన్న విజయనగర ప్రతినిధి చేతిలోంచి రాజ ఒడెయరు ఈ కోటను 1610లో తీసుకున్నాడు. ఆ ఏడే ఇక్కడ నవరాత్రి ఉత్సవం మొదలుపెట్టాడు. టిప్పు 1799లో పడిపోయాక ఒడెయర్ల రాజధాని మైసూరుకు మారింది, ఉత్సవమూ వాళ్ళ వెంట పోయింది. ఇదీ నాయన పాఠం.

పెనుగొండ మాకు బాగా తెలుసు. బడినుంచి తీసుకుపోయేవాళ్ళు. గగనమహల్లో ఖాళీ గదులు, పావురాల రెట్టలు, కిటికీల్లోంచి కొండగాలి. రాజుగారి ఇల్లంటే మాకు తెలిసింది అంతే, ఏమీ లేని గోడలు. "ఆ గోడల మధ్య ఏం జరుగుతాండెనో మైసూరులో చూడండి" అన్నాడు నాయన. చరిత్ర పాఠంలో అంతకంటే మంచి మాట నేను మళ్ళీ వినలేదు. ఆ ఒక్క మాటతో మైసూరు ప్యాలెస్ పరాయి రాజు వైభవం కాకుండా పోయింది. మా పక్క ఊళ్ళో ఆగిపోయిన కథకు తరువాయి భాగం చూడటానికి పోతున్నాం అనిపించింది.

మర్నాడు పొద్దున్నే తలలు దువ్వించుకుని, పెళ్ళికి కట్టుకునే బట్టలు కట్టుకుని, రెండు జట్కాల్లో బయలుదేరాం. ప్యాలెస్ ముందు చెప్పులు విడిచి, టికెట్లు తీసుకుని, లోపలికి అడుగు పెట్టగానే ఎదురైంది బొమ్మలే. గొంబె తొట్టి అంటారు ఆ మంటపాన్ని. దసరాకు రాజులు పెట్టించిన కొలువు బొమ్మలు అక్కడున్నాయి. మేమంతా ముందుకు పరుగెత్తబోతే అవ్వ ఆగిపోయింది. ఒక్కో బొమ్మ చీర మడతా, నగ, ముక్కుపుడక వంగి వంగి చూసింది. రాజుగారి ఇంట్లోవాళ్ళూ మనలాగే నవరాత్రికి మెట్లు కట్టి బొమ్మలు పేర్చుకునేవాళ్ళని మేము కళ్ళారా చూసింది అక్కడ. అవ్వ మొహంలో ఎంత తృప్తో! ఆమె ఏటా తొమ్మిది రోజులు గడప దాటకుండా చేసిన పనే ఇక్కడ రాణులు కూడా చేశారు.

ఆ పక్కనే బంగారు అంబారీ. 750 కిలోల బరువు. లోపల కొయ్య, పైన దాదాపు 80 కిలోల బంగారు రేకు తాపడం. దాని మీద ఎర్రదీ పచ్చదీ రెండు దీపాలున్నాయని, ఏనుగు ఆగాలో కదలాలో లోపల కూర్చున్న రాజు ఆ దీపాలతోనే మావటికి తెలియజేసేవాడని చెప్పారు. రైలు సిగ్నళ్ళు చూసుకుంటూ వచ్చిన పిల్లలకు అంతకంటే ఏం కావాలి? చౌల్ట్రీకి తిరిగి వచ్చాక మా తమ్ముడు ఊరగాయ జాడీని తల మీద పెట్టుకుని ఎరుపు, పచ్చ అని అరుస్తూ తిరిగాడు.

పాత ప్యాలెస్ కొయ్యతో కట్టింది. 1897లో రాకుమారి జయలక్షమ్మణ్ణి పెళ్ళి సమయంలో అంటుకుని కాలిపోయింది. అప్పటికి నాల్వడి కృష్ణరాజు చిన్నపిల్లవాడు, తల్లి వాణీవిలాస సన్నిధాన రాజ్యం చూస్తూ ఉంది. హెన్రీ ఇర్విన్ అనే బ్రిటిష్ వాస్తుశిల్పి చేత కొత్త ప్యాలెస్ గీయించి కట్టించింది ఆమే. ఈసారి రాయి, ఇనుము, గాజు. 1912లో పూర్తయింది. 145 అడుగుల గోపురం. ఖర్చు 41,47,913 రూపాయలు. నాయన ఆ సంఖ్య మా అందరి చేతా అప్పజెప్పించాడు. మేము తడబడుతూ చెబుతూ ఉంటే అమ్మ మధ్యలో కలగజేసుకుంది. "చివర్న పదమూడు రూపాయలు కూడా రాసినారా?" అంది. ఆ తర్వాత బంగారు పూత స్తంభాలున్న అంబావిలాస్‌లో నడుస్తున్నా, దర్బారు హాల్లో రవివర్మ సీతాస్వయంవరం ముందు నిలబడినా ఆ పదమూడు రూపాయలే ఆమె మనసులో ఉన్నట్టున్నాయి. "అంత పెద్ద ఇల్లు కట్టి కూడా లెక్క గాలికి వదిలేయలేదు. భర్త పోయిన ఆడమనిషి, కొడుకు చిన్నోడు. ఎంత జాగ్రత్తగా ఉండాల్సొచ్చిందో" అంది. గైడు చెప్పిన గొప్పల కంటే నాకు ఆ మాటే ఎక్కువ గుర్తుంది. ఆ రాణిని అంత దగ్గరగా చూసినవాళ్ళు ఆ రోజు ప్యాలెస్‌లో ఇంకెవరూ ఉండి ఉండరు.

కల్యాణ మంటపం గురించి నిదానంగా చెప్పాలి. ఎనిమిది మూలల మంటపం. పోత ఇనుప స్తంభాలు గుత్తులు గుత్తులుగా పైకి లేచి గాజు కప్పును మోస్తాయి. ఆ గాజులో నెమళ్ళు. ఇనుమూ గాజూ స్కాట్లండ్‌లోని గ్లాస్గో నుంచి వచ్చాయి. తల పైకెత్తితే మెడ నొప్పి పుట్టేదాకా దించబుద్ధి కాదు. అయితే అవ్వ పైకి చూడలేదు, గోడలు చూసింది. చుట్టూ 26 తైలవర్ణ చిత్రాలు, ఎక్కువ భాగం దసరా ఊరేగింపువే. గుర్రాలు, ఒంటెలు, సిపాయిలు, బ్యాండు, ఉద్యోగులు, చివరికి అంబారీలో మహారాజు.

అక్కడ కాపలా ఉన్నది ముసలాయన. మైసూరు పేటా చుట్టుకుని ఉన్నాడు. వాళ్ళ నాయన కాలంనుంచీ ప్యాలెస్ కొలువేనట. అవ్వ చిత్రాలకు మరీ దగ్గరగా పోతూ ఉంటే, కసురుకుంటాడేమో అని మేము భయపడ్డాం. ఆయన వచ్చి పక్కన నిలబడి, వచ్చీరాని తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు. ఇవి ఊహతో గీసినవి కావు, ఊరేగింపు ఫోటోలు ముందు పెట్టుకుని గీశారు, ఇందులో ఉన్న మొహాలు నిజం మనుషులవి అని. అవ్వ అడిగింది:

"అట్లయితే నేను కూడా ఉంటానా?"

ఆయన నవ్వలేదు. ఏ ఏడు వచ్చారు, ఏ వీధిలో నిలబడ్డారు అని అడిగాడు. పెళ్ళైన మరుసటేడు, మార్కెట్టు పక్క మిద్దె మీద, అని చెప్పింది అవ్వ. మామగారు తలకింత అని ఆ మిద్దెవాళ్ళకు డబ్బు కట్టాడట. ఆయన ఆమెను ఒక చిత్రం దగ్గరికి తీసుకుపోయి, మిద్దెల మీద జనాన్ని గీసిన చోటు చూపించాడు. అవ్వ కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి పెట్టుకుంది. గింజంత మొహాలు. వెనక వచ్చేవాళ్ళు మమ్మల్ని తప్పుకుని పోతూనే ఉన్నారు. నాయన తొందరపెట్టలేదు.

"ఎర్రచీర" అంది చాలాసేపటికి. "ఆ పొద్దు నేను ఎర్రచీరే కట్టుకోనుంటి."

"అయితే అది మీరే తల్లీ" అన్నాడాయన.

మహారాజు ఎలా ఉన్నాడని అవ్వను ఎన్నోసార్లు అడిగి ఉంటాం. ప్రతిసారీ తలపాగా గురించే చెప్పేది. ఆ రోజు బయటికి వస్తూ కొత్త మాట చెప్పింది. "అంబారీ ఊగుతాండె. ఆయప్ప మాత్రం ఊగలే. అంతసేపు అట్ల కూర్చోవాలంటే నడుము ఎంత నొస్తుందో అనుకున్యా." పదిహేనేళ్ళ కొత్త కోడలు, అత్తవారింట్లో వంగిన నడుము ఎత్తడానికి వీల్లేని రోజుల్లో, మిద్దె మీదనుంచి మహారాజును చూసి అనుకున్న మాట అది. యాభై ఏళ్ళు లోపలే దాచుకుంది.

దశమినాటి ఊరేగింపును, జంబూసవారీని, ఎండలో నిలబడి చూశాం. 1971లో రాజభరణాలు రద్దయ్యాయి, 1974లో చివరి మహారాజు జయచామరాజ ఒడెయరు పోయారు. మేము చూసేనాటికి అంబారీలో రాజు లేడు, అమ్మవారు ఉంది. పక్కనున్న ముసలివాళ్ళు కొందరు పాత రోజులు తలుచుకుని బాధపడ్డారు. అవ్వ బాధపడలేదు. "మనిషికి మొక్కేదానికంటే అమ్మవారికి మొక్కేది మేలు" అని చేతులెత్తి దండం పెట్టింది. నాకు ఇప్పటికీ ఆమె తీర్పే సరైందనిపిస్తుంది. ఒక వంశం తలపాగా తీసి పక్కన పెట్టినా ఊరు తన పండగను వదులుకోలేదు. పెనుగొండలో అది జరగలేదు.

రాత్రి ప్యాలెస్ ఎదురుగా మైదానంలో దుప్పటి పరిచి కూర్చున్నాం. చీకట్లో గోపురాలు కనపడీ కనపడనట్టు ఉన్నాయి. ఒక్కసారిగా కరెంటు వేశారు. మైదానమంతా 'హో' అంది. ఈనాడు ఆ దీపాలు లక్షకు దగ్గరంటారు. కావేరి మీద శివనసముద్రంలో 1902లోనే కరెంటు పుట్టించి కోలారు బంగారు గనులకు పంపిన సంస్థానం అది. బెంగుళూరు వీధుల్లో 1905లో దీపాలు వెలిగాయి. మా ఇంటికి కరెంటు వచ్చి పదేళ్ళు కూడా కాలేదు. ఒక బల్బు కింద నలుగురం చదువుకునేవాళ్ళం. ఎవరైనా దీపం ఆర్పకుండా గది దాటితే నాయన కేకలేసేవాడు. ఆ రాత్రి ఆయన కూడా నోరు తెరుచుకుని చూశాడు.

మిగతావి అందరూ చూసేవే. జగన్మోహన ప్యాలెస్‌లో గంటగంటకూ బొమ్మ సిపాయిలు కదిలే ఫ్రెంచి గడియారం, హల్దంకర్ గీసిన దీపం పట్టుకున్న ఆడమనిషి, 1892 నాటి జూ, బృందావనంలో రంగునీళ్ళు. మహారాజా కాలేజీ మాత్రం ఎవరి జాబితాలోనూ ఉండదు. నాయన పనిగట్టుకుని తీసుకుపోయాడు. సెలవులు కాబట్టి తలుపులు మూసి ఉన్నాయి. బయట నిలబెట్టి చెప్పాడు: మన అనంతపురం జిల్లా రాళ్ళపల్లి నుంచి వచ్చిన అనంతకృష్ణశర్మగారు 1912లో, కట్టమంచి రామలింగారెడ్డిగారి చొరవతో, ఇక్కడ తెలుగు పండితుడిగా చేరారు. దాదాపు నాలుగు దశాబ్దాలు ఇక్కడే పాఠం చెప్పారు. ఆ తర్వాత తిరుపతిలో అన్నమయ్య పాటలకు రాగాలు కట్టారు. ప్యాలెస్ పూర్తయిన ఏడూ అదే, శర్మగారు చేరిన ఏడూ అదే, గుర్తుపెట్టుకోండి అన్నాడు. గుర్తుపెట్టుకున్నాం.

ఊరికి వచ్చాక అసలు పండగ మొదలైంది. మేము దిగిన సాయంత్రమే అరుగు నిండిపోయింది. మైసూరుపాకు చిన్న చిన్న ముక్కలు కోసి వీధి మొత్తానికి పంచారు. ఊదుబత్తులు ఇంటికొక కట్ట. వాటితోపాటు మాటలు. అవ్వ బొమ్మలతో మొదలుపెట్టేది, అమ్మ పదమూడు రూపాయలతో మొదలుపెట్టేది, తమ్ముడు ఎర్రదీపం పచ్చదీపంతో. ఎవరి ప్యాలెస్ వాళ్ళది. వినేవాళ్ళు ఊరికే వినేవాళ్ళు కాదు, గుచ్చిగుచ్చి అడిగేవాళ్ళు. వంటిల్లు చూసినారా? రాణిగారు స్నానం చేసేది యాడ? అన్ని దీపాలు ఎవరు ఆర్పుతారు? మాకు తెలియనిది తెలియదని చెప్పేవాళ్ళం. వాళ్ళు వచ్చే ఏడు పోయేవాళ్ళకు ఆ ప్రశ్నలు అప్పజెప్పేవాళ్ళు. మైసూరు ఎన్నడూ చూడని మా ఎదురింటి పెద్దమ్మ, కల్యాణ మంటపంలో నెమళ్ళ గురించి తన మనవరాలికి చెబుతూ ఉంటే నేను విన్నాను. ఒక్క తప్పు లేదు.

మా అక్క మనవళ్ళు వచ్చిన రోజు నేను అడిగాను, ఏం చూశారురా అని. ఫోన్ తీసి చేతిలో పెట్టారు. మంచి ఫోటోలు, నాకు ఆనాడు దొరకనంత దగ్గరగా ఉన్నాయి. ఎర్రచీర కనిపిస్తుందేమో అని పెద్దది చేసి చూశాను. ఆ చిత్రం తీయలేదు వాళ్ళు. వాళ్ళను కూర్చోబెట్టి అడగాల్సిన ప్రశ్నలు వీధిలో ఎవరి దగ్గరా లేవు, అందుకని నేనే అడిగాను. వంటిల్లు చూశారా? దీపాలు ఎవరు ఆర్పుతారు? పెద్దవాడు కాసేపు ఆలోచించి, ఈసారి అడిగి తెలుసుకొస్తానన్నాడు.

ఇక మా వీధిలో ఎన్నేళ్ళైనా తెగని తగాదా ఒకటి బసవన్నది. చాముండి కొండకు వెయ్యి మెట్లు. నడుమ పెద్ద నంది, 17వ శతాబ్దంలో దొడ్డ దేవరాజ ఒడెయరు చెక్కించింది. ఆ ప్రయాణంలోనే అవ్వ మెట్ల మీద ఆయాసపడుతూ చేరి, దాన్ని ఒకసారి పైకీ కిందికీ చూసి, మన లేపాక్షి బసవన్న కంటే చిన్నది అని తేల్చేసింది. లేపాక్షి మాకు కూతవేటు దూరం. ఊరికి వచ్చి అదే మాట అరుగు మీద చెప్పింది. మరుసటి దసరాకు మైసూరు పోయిన పక్కింటి వడ్రంగి మామ కొలతలు కనుక్కుని వచ్చాడు. మైసూరుది 16 అడుగుల ఎత్తు, 25 అడుగుల పొడవు. మనది 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు. ఎత్తును బట్టి చూడాలని మామ, పొడవును బట్టి చూడాలని అవ్వ. వీధి రెండుగా చీలింది. బసవన్న పడుకోనుండాడు గదా, పడుకున్నోన్ని ఎత్తు కొలుస్తారా ఎవరైనా, అని అవ్వ అడిగిన రోజు మాత్రం మామ దగ్గర జవాబు లేకపోయింది.